వెంట నడిచే వైద్యపు చీటీ

పలాస స్టేషనులో హౌరా వైపు పోయే బండి కోసం కూర్చున్నవారిని కొంతసేపు గమనించిన వారికి ఒక సంగతి తెలుస్తుంది. చాలామంది ఒళ్ళో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో బట్టలుండవు, ఫలహారముండదు. కాగితాలుంటాయి. రక్తపరీక్షల చీటీలు, స్కానింగు రిపోర్టులు, మందుల దుకాణపు బిల్లులు, ఏ ఊరి డాక్టరు రాసినదో అంతుపట్టని గొలుసుకట్టు రాతలు. ఉద్దానం మనిషి ప్రయాణం కట్టినాడంటే, అది ఆసుపత్రికైనా సరే, కూలికైనా సరే, అన్నం మూటను మరచిపోతాడేమో గాని ఈ కాగితాల మూటను మరువడు. మూత్రపిండాల జబ్బు ఈ ప్రాంతానికి నేర్పిన అలవాటు అది.

ఆ స్టేషనులోనే ఒక మూల, ఏ బండీ ఎక్కని మనిషి ఒకాయన ఉండేవాడు. అరవై ఏళ్ళు ఉండవచ్చు. ఒకప్పుడు కొబ్బరితోటలో కాపలా పని చేసి, ఆ తోటలోనే గుడిసె వేసుకొని బ్రతికినవాడు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు చేరువలో తీరం దాటినప్పుడు తోట పోయింది, తోటతోపాటు గుడిసె పోయింది, గుడిసెలోని రేకు పెట్టె పోయింది. ఆయన కాగితాలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నవి. ఒకనాడు ఆయాసంతో ఉన్న ఆయనను మేము ఒక ఆసుపత్రికి వెంటబెట్టుకొని వెళ్ళినాము. చీటీ రాసే గుమాస్తా పేరడిగినాడు, చెప్పినాడు. తండ్రి పేరడిగినాడు, చెప్పినాడు. ఊరూ ఇంటి నంబరూ అడిగినాడు. “ఊరేటి బాబూ, ఊరు గాలికి పోయింది. ఇప్పుడు ఇస్టేషనే” అన్నాడు. గుమాస్తా ఆ గడిలో ఒక అడ్డగీత గీసినాడు. లోపల వైద్యుడు ఇంతకుముందు ఏ మందులు వాడినావని అడిగితే, “తెల్లవి, పొద్దుటొకటి, సందేళొకటి” అన్నాడు. వైద్యుడు పరీక్షలన్నీ మొదటినుంచి రాసినాడు. ఆయన చేయగలిగినది అంతే. నెల రోజుల క్రితం మరొక ఊరిలో అవే పరీక్షలు చేసి ఉన్నారని మాకు తరువాత తెలిసింది.

ఇల్లు లేకపోవడమంటే గోడలూ కప్పూ లేకపోవడమని మాత్రమే మనమనుకుంటాము. వైద్యం విషయంలో అది మరొక విధంగా బాధిస్తుంది. “వచ్చే మంగళవారం మళ్ళీ రావలెను” అన్న కబురు ఎక్కడికి పంపాలో ఆసుపత్రికి తెలియదు. ఒక ఊరిలో మొదలైన చికిత్స మరొక ఊరికి తెలియదు. కాగితం దాచుకొనేందుకు పెట్టె ఉండదు, పెట్టె పెట్టుకొనేందుకు చోటుండదు. ఈ చిక్కును విప్పడానికి ఈ మధ్య కొన్ని దేశాలలో వచ్చిన ఉపాయమే, రోగి చికిత్సా ప్రణాళికను కంప్యూటరులో ఉంచి, ఆ మనిషి ఏ తలుపు తట్టితే ఆ తలుపు వెనుకనున్న వైద్యుడు దానిని చూడగలిగే ఏర్పాటు. ఉపాయం కొత్తదే గాని దాని వెనుకనున్న ప్రశ్న చాలా పాతది. సంచారంలో ఉన్న మనిషి వెంట అతని వైద్యం ఎట్లు నడువవలెను? దీనికి శ్రీకాకుళం తీరంలో నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది.

‘ఉద్యానం’ అన్న మాటే ఉద్దానమైనదని పెద్దలంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల పొడుగునా కొబ్బరి, జీడిమామిడి, పనస. చూచినవారు ఇంత పచ్చని సీమనుంచి జనం వలస ఎందుకు పోతారని ఆశ్చర్యపడతారు. తోట ఒకరిది, చాకిరీ ఇంకొకరిది అయినచోట పచ్చదనం అందరి కడుపూ నింపదు. రైలు రాకముందే బారువ, కళింగపట్నం రేవులనుంచి మనవాళ్ళు ఓడలెక్కి రంగూనుకు పోయినారు. ఈ జిల్లాలో దానిని ‘రంగం పోవడం’ అనేవారు. బర్మావారు మన తెలుగు కూలీలను కోరంగి రేవు పేరుమీద ‘కోరంగీ’లనేవారు. రంగూను రేవులో బస్తాలు మోసినవారిలో, రిక్షాలు లాగినవారిలో ఆ పేరుగలవారు వేలాదిగా ఉండేవారు. ఒక గదిలో పదిమంది పడుకొని, కొన్నేళ్ళు సంపాదించి, మళ్ళీ ఓడెక్కి ఊరు చేరేవారు. ఊళ్ళో ఇల్లుండేది, ఆ ఊరిలో లేరు. ఉన్న ఊరిలో ఇల్లు లేదు.

1941 డిసెంబరు 23న రంగూనుమీద జపాను బాంబులు పడినవి. ఆ పిమ్మటి నెలలలో నాలుగైదు లక్షలమంది భారతీయులు, ఓడలు దొరకనివారు దొరకనట్లుగా, అరకాన్ దారిన చిట్టగాంగు వైపూ, తాము దారిన మణిపూరు వైపూ, హుకాంగ్ లోయ మీదుగా అస్సాం వైపూ నడిచి వచ్చినారు. దారిలో కలరా, మలేరియా ఎందరిని కబళించినవో సరియైన లెక్క లేదు. ఈ తీరంలో ముసలివారు ‘రంగం నడక’ కథలు చెప్పుతూ ఉండగా మేము చిన్ననాట విన్నాము. వారి కథలలో మాటిమాటికీ వచ్చేది ఆకలి కాదు. “దారిలో పడిపోయినవాడు ఎవడో ఏ ఊరివాడో చెప్పడానికి వాడి ఒంటిమీద ఏమీ లేదు” అన్న మాట. 1964నుంచి బర్మా ప్రభుత్వం దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేసిన పిమ్మట మళ్ళీ ఒక విడత జనం కట్టుబట్టలతో వచ్చినారు. విశాఖపట్టణం కంచరపాలెం వైపున బర్మా క్యాంపు అన్న పేరు నేటికీ నిలిచి ఉన్నది. తరతరాలు బ్రతికిన దేశం నుంచి వచ్చి, తాతల ఊరిలో పరాయివారైనవారు వారు.

ఆ కాలంలో పోయేవాడి వెంట నడిచే వైద్యపు చీటీ ఒక్కటే ఉండేది. అది కాగితం కాదు, భుజంమీది మచ్చ. మశూచికి వేసిన టీకా గుర్తు. అది తడవదు, చిరగదు, పెట్టెలో దాచనక్కరలేదు. చదువు రానివాడు కూడా దానిని చూపించగలడు, చదువు రానివాడు కూడా దానిని చదువగలడు. మశూచి నిర్మూలన జరిగిన రోజులలో కార్యకర్తలు ఊరూరా తిరిగి పిల్లల భుజాలమీది మచ్చలు లెక్కబెట్టి ఆ ఊరిలో టీకాలు ఏ మాత్రం అందినవో తేల్చుకొనేవారు. మానవుడు కనిపెట్టిన ఆరోగ్య రికార్డులలో దీనికి సాటి వచ్చేది మరొకటి లేదని మా అభిప్రాయం. దానికి ఒకే ఒక లోపం. ఒక్క జబ్బు సంగతి తప్ప మరేమీ అది చెప్పలేదు.

మశూచి కథ చివరి ఘట్టం రైల్వే స్టేషనులలోనే నడిచినది. 1974లో టాటానగర్ నుంచి రైళ్ళమీద ఆ జబ్బు అనేక ప్రాంతాలకు పాకినది. కూలికి వచ్చి జ్వరం రాగానే ఇంటిదారి పట్టినవారు, దిక్కులేక బండ్లమీదనే తిరిగేవారు దానిని మోసుకొనిపోయినారు. స్టేషనులో కాపలా పెట్టి, ఎక్కేవారికి టీకాలు వేసి ఆపవలసి వచ్చినది. భారతదేశంలో చివరి మశూచి రోగి ఎవరు? అస్సాంలోని కరీంగంజ్ రైల్వే ప్లాట్‌ఫారం మీద బిచ్చమెత్తుకొని బ్రతికిన ఒక స్త్రీ. బంగ్లాదేశ్ నుంచి వచ్చినది. 1975 మే 24న ఆమె ఒంటిమీద పొక్కులు కనబడినవి. ఆమెను ఆసుపత్రికి చేర్చి, ఆమె తిరిగిన చోటులన్నీ గాలించి, కలిసినవారికి టీకాలు వేసినారు. ఆమెనుంచి మరొకరికి జబ్బు సోకలేదు. వేల యేళ్ళుగా మన దేశాన్ని పీడించిన వ్యాధి ఇల్లు లేని ఒక మనిషి దగ్గర ఆగినది. ఇల్లున్నవారినందరినీ కాపాడిన పిమ్మట కూడా ఇల్లు లేని ఆ ఒక్కరిని వెదకి పట్టుకొనవలసి వచ్చిందన్నమాట. ఈ విషయం పాఠ్యపుస్తకాలలో మరికొంత పెద్ద అక్షరాలతో ఉండవలసినది.

ఇల్లు లేనివారిని ప్రభుత్వాలు అంతకు పూర్వం పుస్తకాలలోకి ఎక్కించలేదా అంటే, ఎక్కించినవి. అయితే అవి మందుల పుస్తకాలు కావు. 1871లో ఉత్తర హిందూస్థానంలో మొదలై 1911లో దేశమంతటికీ వర్తించిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం క్రింద సంచారజాతుల పేర్లను రిజిస్టరులోకెక్కించి, వేలిముద్రలు తీసుకొని, ఏ రాత్రి ఎక్కడ పడుకొన్నదీ పోలీసులకు చెప్పవలెనని నిర్బంధించినారు. మన తెలుగుదేశంలో బాపట్ల దగ్గర 1913లో వెలసిన స్టూవర్టుపురం ఆ చట్టపు ఫలమే. 1952లో ఆ చట్టం రద్దయింది. కుష్ఠురోగుల సంగతి మరింత విచారకరం. 1898 నాటి లెపర్స్ చట్టం ప్రకారం బిచ్చమెత్తుకొనే కుష్ఠురోగిని, జీవనాధారం లేని కుష్ఠురోగిని వారంటు లేకుండా పట్టుకొని ఆశ్రమంలో పెట్టవచ్చును. జబ్బు ఒక్కటే నేరం కాదు, పేదరికం ఒక్కటే నేరం కాదు. రెండూ కలిసినప్పుడు పోలీసు వస్తాడు. ఈ చట్టం పుస్తకంలో నుంచి పూర్తిగా తొలగినది 2016లో మాత్రమే.

ఈ చరిత్ర ఎందుకు చెప్పుతున్నామంటే, ప్లాట్‌ఫారం మీద పడుకొన్న మనిషి దగ్గరకు ఎవరైనా పుస్తకం పట్టుకొని వెళ్ళి “నీ పేరేమి?” అన్నప్పుడు అతడు లేచి వెళ్ళిపోతే, అది మూర్ఖత్వం కాదని గ్రహించడానికి. అతని జ్ఞాపకంలో, అతని తండ్రి జ్ఞాపకంలో, పేరు రాసుకొన్న పుస్తకం ఎన్నడూ మేలు చేయలేదు.

కుష్ఠువ్యాధి విషయంలోనే ఆ పుస్తకం స్వభావం మారడం మన జిల్లాలో మనవాళ్ళు కళ్ళారా చూచినారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ఆ జబ్బు బహుళంగా ఉండేది. 1980ల దశకంలో బహుళ ఔషధ చికిత్స దేశంలో ముందుగా అందిన జిల్లాలలో మనదీ ఒకటి. ఆ మందులు కొన్నాళ్ళకు చిన్న అట్టమీద బిళ్ళలు వరుసగా అమర్చి, ఏ రోజుకు ఏ బిళ్ళో అంకెలు వేసి, నాలుగు వారాల క్యాలెండరులాగా రావడం మొదలైనది. దానిని చూచినవారికి జ్ఞాపకముంటుంది. ఆ అట్ట మందూ అదే, చికిత్సా ప్రణాళికా అదే. ఇంటినుంచి వెళ్ళగొట్టబడి సంతలలో, గుడి ముంగిళ్ళలో కాలం గడిపే రోగి కూడా దానిని జేబులో పెట్టుకొని తిరుగగలిగేవాడు. ఎన్ని బిళ్ళలు మిగిలినవో చూచి ఏ ఊరి ఆరోగ్య కార్యకర్త అయినా అతడెంతవరకు వచ్చినాడో చెప్పగలిగేవాడు. పోలీసు వారంటు స్థానంలో జేబులో పట్టే అట్ట వచ్చినది.

క్షయవ్యాధి చరిత్ర మనకు మరింత పాఠం. ఒకప్పుడు క్షయకు చికిత్స అంటే శానటోరియం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో ఆరంభమైన శానటోరియం పేరు వినని తెలుగువారుండరు. 1956లో మద్రాసులో ఒక క్షయ చికిత్సా కేంద్రం ఏర్పడినది. అక్కడి వైద్యులు రెండువందలలోపు రోగులను తీసుకొని, సగంమందిని శానటోరియంలోను, సగంమందిని వారి ఇండ్లలోను ఉంచి ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చినారు. ఇంటివారు ఇరుకు గుడిసెలలో, చాలీచాలని తిండితో ఉన్నవారే. అయినా దాదాపు శానటోరియంవారితో సమానంగా కోలుకొన్నారు. ఇంటిలోని తక్కినవారికి జబ్బు అదనంగా అంటినట్లూ కనబడలేదు. 1959లో ఈ ఫలితం వెలువడినప్పటినుంచి ప్రపంచమంతటా శానటోరియాలు మూతపడసాగినవి. మన మద్రాసునుంచి లోకానికి వెళ్ళిన గొప్ప కానుక అది. అయితే “ఇంటివద్దనే చికిత్స” అన్న మాటలో ‘ఇల్లు’ అన్న మాట ఉన్నది. అది లేనివాడి సంగతేమిటి?

మొదట్లో దానికి జవాబు లేదు. రెండు నెలలు మందు మింగి, ఒంట్లో కాస్త బాగుండగానే పనికోసం బండెక్కినవాడు మళ్ళీ దగ్గుతూ మరో ఊరిలో దిగేవాడు. అక్కడ అతడు కొత్త రోగి. అర్ధాంతరంగా మానిన మందులకు లొంగని క్రిములు పుట్టుకొచ్చినవి. 1990ల చివర జాతీయ కార్యక్రమం మారినప్పుడు ప్రతి రోగికీ పేరు రాసిన మందుల పెట్టె ఒకటి, కేంద్రంలో ఒక కార్డు, రోగి చేతిలో ఒక కార్డు వచ్చినవి. ఊరు మారితే బదిలీ పత్రం. పత్రం చేరేలోగా మనిషి మరో ఊరు మారేవాడు, అది వేరే సంగతి. 2012లో ‘నిక్షయ్’ అన్న పేరుతో కంప్యూటరు పట్టిక వచ్చినది. రోగికి ఒక సంఖ్య ఉంటుంది. టెక్కలిలో మొదలుపెట్టిన చికిత్సను చెన్నైలోనో భువనేశ్వర్‌లోనో ఉన్న కేంద్రం అదే సంఖ్యమీద చూచి, ఆగినచోటునుంచి కొనసాగించవచ్చును. పంచుకొనే ఎలక్ట్రానిక్ చికిత్సా ప్రణాళిక అని నేడు పెద్ద పేరుతో పిలుస్తున్నది మన దేశంలో ముందుగా సాకారమైనది ఇక్కడే అనవచ్చును. 2018నుంచి క్షయరోగికి ఆహారం కోసం నెలకు 500 రూపాయలు ఇవ్వసాగినారు, తరువాత దానిని 1000 చేసినారు. ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడవలెను. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాడికి ఖాతా ఉండదు. సంఖ్య దొరికినా సొమ్ము దొరకదు.

అమెరికాలో బోస్టన్ నగరం కథ కూడా క్షయ దగ్గరనుంచే చెప్పుకోవచ్చును. 1980ల నడుమ అక్కడి నిరాశ్రయుల వసతిగృహాలలో మందులకు లొంగని క్షయ వ్యాపించినది. 1985లో నిరాశ్రయుల కోసం ఒక ప్రత్యేక వైద్య సంస్థ వెలసినది. అందులో చేరిన యువ వైద్యుడు జిమ్ ఓకానెల్. చదువు ముగించి వచ్చిన ఆయనను అక్కడి నర్సులు మొదట స్టెతస్కోపు పక్కనబెట్టి, వీధులలో తిరిగి వచ్చినవారి కాళ్ళు గోరువెచ్చని నీళ్ళలో కడుగుమన్నారు. కాళ్ళు కడిగితే నమ్మకం కుదురుతుంది, నమ్మకం కుదిరితే మాట పలుకుతారు. వచ్చిన అతిథికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చే మన ఆచారం ఎరిగినవారికి ఇది వింత కాదు. 1995లో అదే సంస్థ నిరాశ్రయుల కోసం కంప్యూటరు వైద్య రికార్డును తయారుచేసినది. ఆ దేశంలో అటువంటిది అదే మొదటిది. వసతిగృహంలో ఒక రాత్రి, ఆసుపత్రిలో ఒక రాత్రి, వంతెన క్రింద ఒక రాత్రి గడిపే మనిషి రికార్డు అన్నిచోట్లా ఒకటే. పదేళ్ళపాటు కాళ్ళు కడిగిన తరువాత వచ్చిన కంప్యూటరు అది. ఈ వరుసను మనవారు గమనించవలెను.

లండన్‌లోనూ ఇటువంటి ఏర్పాట్లున్నవి. వీధులలో పడుకొనేవారిని పలకరించే కార్యకర్తలు వివరాలు పంచుకొనేందుకు ‘చెయిన్’ అన్న పట్టిక ఉన్నది. 2022లో ఆ నగరమంతటికీ కలిపి రోగుల చికిత్సా ప్రణాళికలను అంబులెన్సువారూ, ఆసుపత్రివారూ, కుటుంబ వైద్యులూ ఒకే చోట చూచే వ్యవస్థ మొదలైనది. రోగి ఏమి కోరుతున్నాడు, ఏ మందు పడదు, ప్రమాదం వస్తే ఎవరికి చెప్పవలెను, ఇవన్నీ అందులో ఉంటవి. అయితే 2017లో ఒక కథ బయటపడినది. చెయిన్ పట్టికనుంచి తయారైన పటంలో విదేశీయులు ఏయే వీధులలో ఎందరు పడుకొంటున్నారో ఉండగా, దానిని ఆ దేశపు హోంశాఖవారు చూచి, యూరపు దేశాలవారిని పట్టి పంపివేయడానికి వాడుకొన్నారు. ఆ డిసెంబరులో హైకోర్టు అటువంటి గెంటివేత విధానం చెల్లదని తీర్పు చెప్పినది. 1898లో మన దేశంలో తెల్లవారు రాసిన చట్టపు నీడ నూట ఇరవై ఏళ్ళ తరువాత వారి రాజధాని వీధులలోనే కనబడినది. మందుకోసం చెప్పిన మాట వారంటుకు పనికివస్తే, ఆ మరుసటి రాత్రి ఎవడు పేరు చెప్పుతాడు?

ఇక మన ఉద్దానానికి వద్దాము. ఇక్కడి పెద్దవయసువారిలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి మూత్రపిండాలు దెబ్బతిన్నట్లు పరిశోధకులు తేల్చినారు. కారణం మాత్రం ఇదమిత్థమని తేలలేదు. నీరా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, వంశమా అని వాదం నడుస్తున్నది. పూర్వం డయాలిసిస్ కోసం విశాఖపట్టణం కింగ్ జార్జి ఆసుపత్రికో, ఒడిస్సాలోని బరంపురానికో పరుగెత్తవలసి ఉండేది. పిమ్మట పలాస, సోంపేట, టెక్కలి వంటి చోట్ల కేంద్రాలు వచ్చినవి. 2019నుంచి డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పెన్షను ఇవ్వసాగినారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, దానితోపాటు మూత్రపిండ పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి. హిరమండలం జలాశయంనుంచి తాగునీటి పథకం కూడా ఆనాడే ప్రారంభించినారు. ఈ మార్పు చిన్నది కాదు.

కాని డయాలిసిస్ అన్నది ఒక మాత్ర మింగడం వంటిది కాదు. వారానికి రెండు మూడు పర్యాయాలు, పర్యాయానికి నాలుగు గంటలు. కొత్త కేంద్రానికి పోయిన రోగిని అక్కడివారు ఏమడుగుతారు? నీ పొడి బరువు ఎంత, అనగా ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు నీవు ఎన్ని కిలోలు? రక్తం గడ్డకట్టకుండా ఎంత మందు ఇస్తున్నారు? కామెర్ల క్రిములు ఉన్నవా లేవా? ఉంటే వేరే యంత్రం కావలెను. ఏ చేతికి నరాలు కలిపినారు? ఆ చేతికి సూది పొడిచి రక్తం తీయరాదు, రక్తపోటు పట్టీ కట్టరాదు. ఈ నాలుగైదు సంగతులు ఒక్క పుటలో పట్టేవే. అవి లేక, పరీక్షల ఫలితాలు వచ్చేదాకా ఒక్క వంతు తప్పితే ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది, గుండె లయ తప్పుతుంది. మంచానపడిన మనిషికి ఆ పుట ఎక్కడున్నదో చెప్పే ఓపిక ఉండదు. తిత్లీ తరువాత మందస వైపు ఒక ఊరిలో తడిసిన ఆసుపత్రి కాగితాలను గోడలమీద, బావి గట్టుమీద రాళ్ళు పెట్టి ఎండబెట్టడం మేము చూచినాము. సిరా కరిగి నీలిమరకలైనవి. ఒక తల్లి ఆ మరకలను చేత్తో తుడిచి ఇది అబ్బాయిది, ఇది ఆయనది అని వేరుచేస్తున్నది.

ఆ ఒక్క పుట ఎక్కడినుంచైనా చూడదగినట్లు ఉండవలెనన్న ప్రయత్నం మన దేశంలోనూ నడుస్తున్నది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభించిన డిజిటల్ ఆరోగ్య పథకంలో ‘ఆభా’ అన్న పేరుతో 14 అంకెల సంఖ్య ఇస్తున్నారు. రోగి అనుమతిస్తేనే ఒక ఆసుపత్రి రికార్డు మరొక ఆసుపత్రికి కనబడుతుందని నియమం. నియమం మంచిది. అయితే అనుమతి ఇవ్వవలసినది ఫోనులో వచ్చే అంకెలు చెప్పి. ఫోను లేనివాడి అనుమతి ఎట్లా? ఆధారుకు చిరునామా లేనివారి కోసం పరిచయకర్తల పద్ధతి పెట్టినట్లు, వైద్యపు అనుమతికి కూడా రోగి స్వయంగా ఎంచుకొన్న ఒక నమ్మకస్థుడు ఉండేటట్లు చేయవలెనని మా విన్నపం. ఆ నమ్మకస్థుడు పోలీసు కారాదు, రైల్వే అధికారి కారాదు. రికార్డును ఎవరెప్పుడు చూచినదీ రోగి అడిగితే చదివి వినిపించవలెను. బిచ్చగాండ్లను పట్టుకొనే 1977 నాటి చట్టం మన రాష్ట్రపు పుస్తకాలలో చేరి ఉన్నది గనుక ఈ మాట ఊరక అనడం లేదు.

2011 జనాభా లెక్కలలో ఇల్లు లేనివారిని ఒక్క రాత్రి, ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి, దీపాలు పట్టుకొని తిరిగి లెక్కించినారు. దేశమంతటా 17 లక్షల 73 వేలు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1 లక్షా 45 వేలు. ఆ రాత్రి రైలు పెట్టెలో నిద్రపోతున్నవారు ఏ లెక్కలోకి వచ్చినారో మేమెరుగము.

మొదట చెప్పిన పలాస స్టేషను మనిషికి ఇప్పుడు ఒక సంఖ్య ఉన్నది. ఆయన ఆధార్ కార్డు మీది చిరునామా తిత్లీకి కొట్టుకొనిపోయిన గుడిసెదే. ఆ ఊరి పంచాయతీలో ఆయనను ఎరిగినవారు చెప్పగా నకలు దొరికినది. ఫోను నంబరు రాయవలసిన చోట ఏమి రాయమంటావని అడిగితే కొంతసేపు ఆలోచించి, స్టేషను బయట టీ దుకాణం నడిపే కుర్రవాడి నంబరు చెప్పినాడు. అన్న నంబరు కాదు, కొడుకు నంబరు కాదు. కొడుకు ఎక్కడున్నాడో ఆయన చెప్పలేదు, మేమడుగలేదు. ఇప్పుడు ఆసుపత్రినుంచి తేదీ కబురు ఆ కుర్రవాడి ఫోనుకు వస్తుంది. వాడు పాలు పొంగకుండా గిన్నె దించి, బయటికి వచ్చి, ప్లాట్‌ఫారం ఆ కొసకు వినబడేటట్లు కేకవేస్తాడు. “మావా, రేపు సుక్రారం. ఆసుపత్రికి ఎల్లాల!”